కాల్షియం వేసుకుంటున్నా ఎముకలు గుల్లబారుతున్నాయా? మందుల సంచి విప్పండి

సమస్య: యాభై దాటిన ఆవిడ. రోజూ కాల్షియం మాత్ర, పొద్దున్నే చోడంబలి (రాగి అంబలి). అయినా వాకిట్లో జారిపడితే మణికట్టు విరిగింది, లేదా వెన్ను వంగి మునుపటికన్నా రెండు అంగుళాలు పొట్టి అయింది. నిలుచున్న ఎత్తు నుంచి పడితేనే విరిగిందంటే ఎముక అప్పటికే బలహీనపడిందని అనుమానించాలి. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ నడుముకి, తుంటికి చేయించండి. అందులో వచ్చే అంకె, టీ-స్కోరు, -2.5 గానీ అంతకన్నా కిందకి గానీ ఉంటే గుల్లబారినట్టే. క్యాంపుల్లో మడమకి పెట్టే మిషన్‌తో రోగ నిర్ధారణ అవదు.

ముందు మాత్ర వేసుకునే తీరు. కాల్షియం కార్బొనేట్ రకమైతే అన్నం తిన్న వెంటనే, పూటకి 500 మి.గ్రా.కి మించకుండా. ఐరన్ మాత్రకి రెండు గంటలు, థైరాయిడ్ మాత్రకి నాలుగు గంటలు ఎడం ఉండాలి. చోడిపిండి 100 గ్రాముల్లో కాల్షియం 350 మి.గ్రా. దగ్గర ఉంటుంది, కానీ ఒక గ్లాసు అంబలికి పట్టే పిండి 30 గ్రాములే. రోజుకి కావలసింది 1000, ముట్లు ఆగినవాళ్లకి 1200. పాలు, పెరుగు, ముళ్లతో తినే నెత్తళ్లు కూడా కలిస్తేనే లెక్క తేలుతుంది. పలాస జీడిపప్పు షెడ్లలో రోజంతా నీడన పనిచేసేవాళ్లు విటమిన్ డి కూడా చూపించుకోవాలి. రిపోర్టులో 20 (నానోగ్రాములు/మి.లీ.) కన్నా తక్కువుంటే డాక్టరు సాధారణంగా రాసే 60,000 యూనిట్ల మందు వారానికి ఒకటి. దాన్ని రోజూ వేసుకునేవాళ్లున్నారు, ప్రమాదం.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే, ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: మోకాళ్ల నొప్పులకి ఏం వాడుతున్నారు? ఇంట్లో ఉన్న మందులన్నీ, కాగితం పొట్లాలతో సహా, మంచం మీద పరచండి. ఊళ్లో ఇచ్చే పొట్లంలో రంగు మాత్రల మధ్య ఒక చిన్న మాత్ర డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ అయ్యుండొచ్చు. పసరు మందని ఇచ్చే పొడిలోనూ కలిపేవాళ్లున్నారు. మొదటి రోజే నొప్పి మాయమై, మానిన రెండో రోజుకి తిరగబెడితే స్టెరాయిడ్‌ని అనుమానించండి. మొహం గుండ్రంగా ఉబ్బడం, చేతుల మీద ఊరికే కమిలిన మచ్చలు, షుగరు పెరగడం, గొంతుక్కూర్చుంటే లేవలేకపోవడం మిగతా ఆనవాళ్లు. స్టెరాయిడ్ కొత్త ఎముక కట్టే కణాలని అణిచేస్తుంది, పేగుల్లో కాల్షియం ఒంటికి పట్టనివ్వదు, మూత్రంలో పోనిస్తుంది. అసలు నష్టం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే ఎక్కువ. పైనుంచి ఎంత కాల్షియం పోసినా చిల్లు కుండే.

అలాగని రేపట్నుంచి ఆపేయకండి. వారాల తరబడి వాడిన ఒంట్లో సొంత హార్మోను తయారీ పడకేసి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం, ఒక్కోసారి ప్రాణం మీదకే వస్తుంది. పొట్లం పట్టుకుని జనరల్ మెడిసిన్ డాక్టరు దగ్గరకెళ్తే మోతాదు మెల్లగా తగ్గిస్తారు, ఎముకలకి వేరే మందు కావాలేమో చూస్తారు.

ఆ మందు వారానికోసారి వేసే అలెండ్రొనేట్ 70 అయితే పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి, అరగంట నడుం వాల్చకూడదు, టీ తాగకూడదు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లయితే దానికి ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష తప్పదు. కిడ్నీ బాగా దెబ్బతింటే ఈ మందు పనికిరాదు, విటమిన్ డి చికిత్స కూడా మారిపోతుంది.

పారాథైరాయిడ్ గ్రంథి, ఎముక మజ్జ జబ్బుల్లాంటివి అరుదు. పై కారణాలేవీ తేలనప్పుడు డాక్టరే వెతుకుతారు.