డ్రైవర్ కోడ్‌లో యూనిట్‌ని పేరులోనే పెట్టండి

బరంపురంలో ఎవరినైనా "బస్టాండ్ దగ్గరకు రా" అంటే పాత బస్టాండా, కొత్త బస్టాండా అని వెంటనే అడుగుతారు, కానీ డ్రైవర్ (హార్డ్‌వేర్‌ని నడిపే ప్రోగ్రామ్) కోడ్‌లో ఉత్త 'టైమౌట్' అని వేరియబుల్ పెడితే అలా అడిగేవాళ్లు ఉండరు, కంపైలర్ కూడా నోరెత్తదు. అందుకే 'టైమౌట్_ఎంఎస్' (మిల్లీసెకన్లు), 'డిలే_యుఎస్' (మైక్రోసెకన్లు) అని రాయండి. లినక్స్ కెర్నెల్‌లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ కొన్ని ఫంక్షన్లకు మిల్లీసెకన్లు ఇవ్వాలి, కొన్నింటికి జిఫీలు (కెర్నెల్ టైమర్ టిక్కులు) ఇవ్వాలి. హెచ్‌జెడ్ (సెకనుకు ఎన్ని టిక్కులో చెప్పే కెర్నెల్ సెట్టింగ్) 1000 అయితే ఒక జిఫీ అంటే 1 మిల్లీసెకను, 100 అయితే 10. అంటే జిఫీలు అడిగే చోట పొరపాటున 500 మిల్లీసెకన్లు అనుకుని 500 ఇచ్చేస్తే ఒక బోర్డు మీద అంతా బాగానే నడుస్తుంది, ఇంకో బోర్డు మీద అదే కోడ్ 5 సెకన్లు ఆగిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

రీసెట్ పిన్ కూడా ఇంతే. 'రీసెట్ = 1' అంటే చిప్ రీసెట్‌లో ఉందనా, లైన్ మీద వోల్టేజ్ ఉందనా? చాలా చిప్‌లలో ఆ లైన్ సున్నాకి దిగితేనే రీసెట్ అవుతుంది. 'రీసెట్_అసర్టెడ్' (అంటే రీసెట్ అమల్లో ఉంది) అని పెట్టండి, పోలారిటీని (లైన్ సున్నాలో ఉంటే రీసెట్టా, ఒకటిలో ఉంటేనా అన్నది) డివైస్ ట్రీలో, అంటే బోర్డు హార్డ్‌వేర్‌ని వర్ణించే ఫైల్లో, రాయండి.