పాత జ్ఞాపకాలు చదవడం ఎలా? – 4వ పాఠం: ఏడాది తేల్చడం

ఎవరు, ఎక్కడ, ఏ పని అన్నవి విడదీసి రాసుకోవడం కిందటిసారి చూశాం. ఇక కాలం సంగతి. ఇందుకు యుద్ధకాలంలో పొలాలకూ ఫ్యాక్టరీలకూ పంపిన జపాన్ విద్యార్థుల జ్ఞాపకాలు తీసుకుందాం.

ముందు నోట్‌బుక్‌లో ఈ మెట్లు రాసుకోండి. 1938లో వేసవి సెలవుల్లో కొద్దిరోజుల సామూహిక శ్రమ. 1941లో ఏడాదికి 30 రోజుల దాకా. 1944 జనవరిలో అది నాలుగు నెలలైంది, వసంతానికల్లా ఏడాది పొడవునా అయింది. ఆ ఆగస్టు 23న దీనికోసం ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది. 1945 ఏప్రిల్ నుంచి ప్రాథమిక తరగతులు తప్ప మిగతావాళ్లకు పాఠాలే బంద్. యుద్ధం ముగిసేసరికి పనిలో ఉన్న విద్యార్థులు 30 లక్షలకు పైనే.

'వారం రోజులు వరి కోసి మళ్లీ బడికెళ్లాం' అని ఎవరైనా అంటే 1944కు ముందు మాట అయ్యే అవకాశం ఎక్కువ. 'బడి మొహమే చూడలేదు' అంటే ఆ తర్వాతది. ఇది అంచనా మాత్రమే, తీర్పు కాదు. పొలం పని చివరిదాకా సాగింది.

ఇప్పుడు లెక్కలు. టెన్షన్ అక్కర్లేదు, మూడే. షోవా అంటే అప్పటి చక్రవర్తి హిరోహిటో పాలనాకాలం, జపాన్‌లో ఏళ్లను దానితోనే లెక్కపెట్టేవాళ్లు. షోవా సంవత్సరానికి 1925 కలిపితే మన క్యాలెండర్ ఏడాది వస్తుంది. విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి 1945 ఫిబ్రవరి కూడా 1944 తరగతి కిందికే వస్తుంది. ఎక్కువమంది తడబడేది మూడోదాని దగ్గర, అంటే వయసు. పుట్టగానే ఒకటి, ప్రతి కొత్త సంవత్సరానికి ఇంకొకటి కలపడం అప్పటి వాడుక. మన పెద్దవాళ్లు 'నాకు పదిహేనో ఏడు' అన్నట్టే. కాబట్టి పదిహేను అని ఉంటే, నిండినవి పదమూడో పద్నాలుగో.

సాధన కోసం నేను అల్లిన పేరా ఇది:

'షోవా 17లో, నాకు పదిహేనేళ్లు. ఏడాదంతా ఫ్యాక్టరీలోనే. అమెరికా మీదికి వదిలే బెలూన్లకు కొన్యాకు దుంప జిగురుతో కాగితాలు అతికించేవాళ్లం. చలికి వేళ్లు పగిలేవి.'

షోవా 17 అంటే 1942. అప్పటికి ఏడాది పొడవు పని లేదు. బెలూన్ బాంబుల తయారీ పెద్ద ఎత్తున మొదలైంది 1944లో, వాటిని వదిలింది ఆ నవంబరు నుంచి 1945 ఏప్రిల్ దాకా. చలి అన్నారు కాబట్టి 1944–45 శీతాకాలం అయ్యుండాలి. అలాగని మొత్తం అబద్ధమని కొట్టేయకండి. ఏళ్లు తారుమారవుతాయి కానీ, పగిలిన వేళ్లను మర్చిపోవడం కష్టం. నేనైతే ఏడాదిని అనుమానిస్తాను, వేళ్లను నమ్ముతాను.

'అమెరికా' అన్న మాట కింద మాత్రం గీత గీయండి. ఆ పని రహస్యం. తాము చేస్తున్నది దేనికో చాలామంది అమ్మాయిలకు చెప్పలేదు. కాబట్టి అది అప్పుడే తెలిసిన సంగతా, తర్వాత తెలిసిందా? నోట్‌బుక్‌లో రెంటికీ వేర్వేరు గడులు పెట్టండి.

ఇంటిపని: 'మిడిల్ స్కూల్ మొదటి ఏడాది పిల్లలం. మంటలు పాకకుండా కూల్చిన ఇళ్ల పెంకులు ఏరుతున్నాం. హిరోషిమాలో ఆ ఉదయం నాకు జ్వరం, వెళ్లలేదు.' ఇదీ అల్లినదే. తేదీ తేల్చండి, వయసు లెక్కకట్టండి. 'ఏరుతున్నాం', 'వెళ్లలేదు' రెండూ ఒకే మనిషి మాటలెలా అయ్యాయో రాయండి. ఆ రోజు అక్కడ అలాంటి పనిలో ఉన్న సుమారు 8,000 మంది విద్యార్థుల్లో 6,000 మంది దాకా చనిపోయారు. జ్ఞాపకాలు రాయడానికి ఎవరు మిగిలారన్నది 5వ పాఠం.