ఇంట్లోనే బ్రెడ్ రోల్స్ – 2వ పాఠం: పిండి పిసకడం, పొంగనివ్వడం

పోయిన పాఠంలో కొలతలు చూశాం. వెనక్కి వెళ్లి వెతుక్కునే పని లేకుండా మళ్లీ ఇస్తున్నాను: మైదా 500 గ్రాములు, నీళ్లు 300 మి.లీ., ఇన్‌స్టంట్ ఈస్ట్ 7 గ్రాములు, ఉప్పు 9 గ్రాములు, చక్కెర 25 గ్రాములు, మెత్తబడిన వెన్న 40 గ్రాములు. పది రోల్స్ వస్తాయి.

నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. వేలు పెడితే చురుక్కుమనే నీళ్లు వద్దు. వేడి 60 డిగ్రీల దాకా పోతే ఈస్ట్ చచ్చిపోతుంది, ఇక ఎంతసేపు ఆగినా పిండి పొంగదు. వెన్న తప్ప మిగతావన్నీ ఒక గిన్నెలో వేసి, నీళ్లు పోసి, పొడి పిండి కనబడకుండా కలిపి, మూత పెట్టి 20 నిమిషాలు వదిలేయండి. దయచేసి ఈ విరామాన్ని మానేయకండి. పిండి నీళ్లు పీల్చుకుని, అందులోని ప్రొటీన్లు గ్లూటెన్ అనే సాగే వలలా అల్లుకోవడం ఇక్కడే మొదలవుతుంది. ఆ మేరకు మీ చేతులకు శ్రమ తగ్గుతుంది.

ఇక పిసకడం. అరచేతి కింది భాగంతో ముద్దను ముందుకు తోసి, మడిచి వెనక్కి లాక్కుని, కాస్త తిప్పి మళ్లీ తోయండి. మొదట్లో వేళ్లకు బాగా అంటుకుంటుంది. సరిగ్గా అప్పుడే అందరి చేయీ మైదా డబ్బా మీదికి పోతుంది! వద్దు. ఇంట్లో చేసిన రోల్స్ గట్టిగా రావడానికి నేను చూసినంతలో మొదటి కారణం ఇలా మధ్యలో చల్లే పిండే. చేతులు కొద్దిగా తడి చేసుకోండి, బల్లకు అంటినది గరిటెతో గీకి ముద్దలో కలిపేయండి. ఐదు నిమిషాలయ్యాక వెన్న కొంచెం కొంచెంగా వేయండి. ముద్ద జారిపోతూ, విడిపోతూ, పాడైపోయిందేమో అని టెన్షన్ పెడుతుంది. ఆపకుండా పిసికితే మళ్లీ దగ్గరపడి నున్నగా అవుతుంది.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది? నిమ్మకాయంత ముద్ద తీసుకుని నాలుగు వైపులా మెల్లగా సాగదీయండి. వెనకున్న వేలు నీడ కనిపించేంత పల్చటి పొరగా సాగితే అయినట్టే. ముందే చిరిగితే ఇంకో రెండు మూడు నిమిషాలు పిసకండి.

గిన్నెకు నూనె రాసి ముద్దను అందులో పెట్టి, తడిబట్ట కప్పండి. రెట్టింపు కావాలి. గది వేడి 26 డిగ్రీలుంటే సుమారు గంట పడుతుంది, చలిగా ఉంటే రెండు గంటలైనా పట్టొచ్చు. అందుకే గడియారాన్ని కాదు, పిండిని నమ్మండి. వెడల్పాటి గిన్నెలో రెట్టింపు అయిందో లేదో కంటికి తెలియదు. నిలువు డబ్బాలో పెట్టి, మొదటి మట్టం దగ్గర రబ్బరు బ్యాండు వేస్తే ఇట్టే తెలుస్తుంది.

చివరి పరీక్ష: వేలికి పొడి పిండి అద్దుకుని ముద్దలో గుచ్చండి. గుంట వెంటనే పూడితే ఇంకా టైం ఉంది. నెమ్మదిగా సగం పూడి ఆగితే సిద్ధం. అసలు పూడకుండా చుట్టుపక్కల కూడా కుంగితే ఎక్కువ పొంగింది. అప్పుడు గాలి తీసేసి మళ్లీ ముద్ద చేసి, రోల్స్ చుట్టాక రెండోసారి పొంగేటప్పుడు ఓ కన్నేసి ఉంచండి.

ఈ రోజే కాల్చే తీరిక లేకపోతే పొంగిన ముద్దను మెల్లగా అదిమి, గట్టి మూతతో ఫ్రిజ్‌లో పెట్టండి. రేపటి వరకు బాగానే ఉంటుంది. వచ్చే పాఠంలో దాన్ని పది భాగాలు చేసి గుండ్రంగా చుడతాం. ఒక్కోటి దాదాపు 88 గ్రాములు రావాలి, కాబట్టి త్రాసు దగ్గర పెట్టుకోండి.