షాపు తెరవకముందే మ్యాప్‌లో పెట్టేయండి

కొత్త షాపు తెరిచాక కూడా గూగుల్ మ్యాప్స్‌లో పేరు లేక, వచ్చేవాళ్లు "ఏ సందండీ?" అని ఫోన్ చేస్తూనే ఉంటారు. ఓపెనింగ్ దాకా ఆగక్కర్లేదు. మ్యాప్‌లో షాపుని నమోదు చేసుకునే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితమే. పేరు, కేటగిరీ, ఫోన్ నంబరు ఇచ్చి, 'ఓపెనింగ్ డేట్' దగ్గర ముహూర్తం తేదీ వేయండి. ఏడాది లోపు ఏ తేదీ అయినా తీసుకుంటుంది, 90 రోజుల ముందు నుంచే జనానికి కనిపిస్తుంది. పిన్నుని బాగా జూమ్ చేసి సరిగ్గా మీ షట్టరు మీదకే జరపండి, కాస్త పక్కకి పోయినా జనం వెనక వీధికి వెళ్లిపోతారు. పేరు బోర్డు మీద ఉన్నట్టే రాయండి; "బెస్ట్ టైలర్ విజయవాడ" లాంటి తోకలు తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు.

ఒక్కటి, షాపు మీదేనని తేల్చుకునే వెరిఫికేషన్‌కి గూగుల్ వాళ్లు చాలాసార్లు వీడియో అడుగుతారు: వీధి, బోర్డు, షాపు లోపల అంతా ఒకే టేకులో. బోర్డు ఇంకా తగిలించకపోతే అక్కడే ఆగిపోతుంది.