ఇంట్లో మోడల్ రైల్వే లేఅవుట్ ఏళ్ల తరబడి నడవాలంటే ఏం చేయాలి

కొత్తలో బాగా తిరిగిన ఇంజన్ కొన్నాళ్లకి జర్కులు ఇస్తూ పాయింట్ల మీద (బండి ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మారే చోట) ఆగిపోతోందంటే మోటార్ పోయిందని కంగారు పడకండి, చాలావరకు అది మురికే. పట్టాల్లోంచే కదా చక్రాలకి కరెంట్ ఎక్కేది, ఆ మధ్యలో కంటికి కనపడని చిన్న చిన్న స్పార్కులు వస్తుంటాయి, దానికి ఫ్యాన్ దుమ్ము, వంటింటి పోపు, అగరొత్తుల పొగ అన్నీ తోడై నల్లటి జిడ్డు పేరుకుంటుంది. వారానికోసారైనా బండి తిప్పితే సగం గొడవ తప్పుతుంది. తిప్పనప్పుడు పల్చటి ప్లాస్టిక్ షీట్ కప్పండి, దుప్పటి వద్దు, దాని నూగు వెళ్లి గేర్లకి చుట్టుకుంటుంది.

క్లీనింగ్‌కి ముందు పవర్ ఆపేసి మెత్తటి బ్రష్‌తో దుమ్ము తీసేయండి, తర్వాత కళ్లజోడు తుడిచే లాంటి గుడ్డకి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి పట్టా పైభాగం, లోపలి అంచు రెండూ తుడవండి, పూర్తిగా ఆరాకే పవర్ ఇవ్వండి ఎందుకంటే దానికి ఇట్టే నిప్పంటుకుంటుంది. సాండ్‌పేపర్ జోలికి మాత్రం పోవద్దు, గీతలు పడితే ఆ గీతల్లోనే మురికి కూర్చుంటుంది. ఇంజన్ చక్రాలకైతే ఇక్కడ పవర్ ఇవ్వాలి కాబట్టి ఆల్కహాల్ కాకుండా నిప్పంటుకోని క్లీనింగ్ లిక్విడ్‌తో టిష్యూ పేపర్ తడిపి రెండు పట్టాల మీదా పరిచి, ముందు చక్రాలు టిష్యూ మీద, వెనక చక్రాలు మామూలు పట్టాల మీద ఉండేలా ఇంజన్ పట్టుకుని పవర్ ఇస్తే వాటంతటవే తిరిగి శుభ్రమవుతాయి, తర్వాత తిప్పి పెట్టి వెనక చక్రాలు. గేర్లకి, ఇరుసులకి నూనె సూది మొనతో ఒక్క చుక్క చాలు, అదీ ప్లాస్టిక్‌ని తినని రకం. కొబ్బరి నూనె వేసేవాళ్లు కూడా ఉన్నారు, చలికాలం గడ్డకడితే ఇక చూస్కోండి.

బండి పట్టా తప్పుతుంటే ఊరికే తిట్టుకోకుండా ఎక్కడ తప్పింది, ఏ పెట్టె తప్పింది అని ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. వేర్వేరు పెట్టెలు ఒకే చోట తప్పుతున్నాయా, తప్పు ట్రాక్‌ది, అక్కడ జాయింట్ మీద వేలు పెట్టి ఎత్తుపల్లాలు చూడండి. ఒకే పెట్టె అన్ని చోట్లా తప్పుతోందా, దాని చక్రాల మధ్య దూరం గేజ్‌తో కొలవండి. నన్నడిగితే డబ్బులు పెట్టి కొనే ఏ గ్యాడ్జెట్ కన్నా ఈ నోట్‌బుకే ఎక్కువ పని చేస్తుంది.

మన దగ్గర, అందులోనూ కోస్తాలో, ఇంకో తలనొప్పి వానాకాలం. చెక్క తేమకి ఉబ్బి వేసవిలో ముడుచుకుంటుంది, దాంతో పట్టాలు వంకర పోతాయి, అందుకే ప్లైవుడ్‌కి కింద పైనా అంచులకీ పెయింట్ వేసేయండి, కొన్ని జాయింట్ల దగ్గర సన్నటి గ్యాప్ వదలండి. జాయినర్లు (రెండు పట్టాల్ని కలిపే చిన్న లోహపు ముక్కలు) లూజయితే పవర్ ఇచ్చే చోటికి దూరంగా ఉన్న దగ్గర బండి స్లో అవుతుంది. బోర్డు కింద రెండు లావు వైర్లు వేసి అక్కడక్కడ వాటి నుంచి పట్టాలకి ఫీడర్లు, అంటే చిన్న వైర్లు, సోల్డర్ చేస్తే తీరిపోతుంది, వైర్ల రంగులు మధ్యలో మార్చకండి, లేబుల్ అంటించండి, లేకపోతే రెండేళ్ల తర్వాత మీ వైరింగ్ మీకే అర్థం కాదు.

ఇక ఇంప్రూవ్ చేయడం అంటే అందరూ కొండలు, చెట్లతో మొదలుపెడతారు, నేనైతే ట్రాక్ సరిగ్గా నడిచేదాకా జిగురు డబ్బా మూతే తీయొద్దంటాను. ముందు ఒక లూప్ లైనో (మెయిన్ లైన్ పక్క నుంచి వెళ్లి మళ్లీ కలిసేది) సైడింగో (బండి నిలిపే పక్క లైన్) కలపండి, రెండు బండ్లు క్రాసింగ్ చేసుకుంటుంటే అదో మజా. ఎల్‌హెచ్‌బీ రేక్ (మన రైల్వేలో తిరిగే కొత్తరకం పొడుగు పెట్టెల సెట్) కొనాలనుంటే మలుపులు ముందే పెద్దవి చేసుకోండి, అసలు పెట్టె దాదాపు 23.5 మీటర్లు, 1:87 స్కేల్‌లో అది 27 సెంటీమీటర్లు, 18 అంగుళాల రేడియస్ మీద మూలలు బయటికి పొడుచుకొచ్చి పక్క లైన్ బండికి తగులుతాయి, కనీసం 24 ఉంటే బాగుంటుంది.

బ్యాలస్ట్‌కి, అంటే పట్టాల కింద పోసే కంకరకి, భీమిలి వైపు బీచ్ ఇసుక తెచ్చుకోవాలనిపిస్తే ఆగండి, అందులో ఉప్పుతో పాటు మాగ్నెటైట్ లాంటి నల్ల ఖనిజాలుంటాయి, మోటార్ అయస్కాంతం వాటిని లాగేసుకుంటుంది. ఏ ఇసుకైనా కడిగి ఆరబెట్టి జల్లెడ పట్టి, మీద అయస్కాంతం తిప్పాకే వాడండి. ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి డ్రాపర్‌తో వదలండి. పాయింట్ బ్లేడ్ల (పాయింట్‌లో అటూ ఇటూ కదిలే పట్టా ముక్కలు) దగ్గర మాత్రం చాలా తక్కువ, ఆరేదాకా మధ్యమధ్యలో బ్లేడ్‌ని అటూ ఇటూ కదుపుతూ ఉండండి.