అలెప్పీ పడవ ఇల్లు మాట్లాడుకునే ముందు

విజయనగరంలో ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా కేరళలోని అలెప్పీలోనే దిగవచ్చు. పడవ ఇంటికి (హౌస్‌బోట్) బయానా పంపేముందు ఇవి చూసుకోండి.

• తేదీ: క్రిస్మస్ వారం, ఓణం, పడవ పందేల రోజులు వద్దు. సంక్రాంతి దాటాక మంగళ, బుధవారాలు నయం.

• రాత్రి మజిలీ: అసలు కిటుకు ఇక్కడే ఉంది. రాత్రంతా పడవ సాగదు. జాలర్లు వలలు వేసే వేళ కనుక సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఒడ్డుకు కట్టేస్తారు. పక్కన పది పడవలుంటే తెల్లవార్లూ జనరేటర్ల రొదే. ఎక్కడ కడతారో, చుట్టూ ఎన్ని ఉంటాయో గట్టిగా అడగండి. నీళ్లు నమిలితే ఇంకొకరిని చూసుకోండి.

• దారి: పున్నమడ సరస్సు వైపు రద్దీ ఎక్కువ. కైనకరి ఊరి కాలువలు అడగండి. పెద్ద పడవ ఇరుకు కాలువల్లోకి పోదు, ఒకటి రెండు గదులది చాలు.

• లైఫ్ జాకెట్: 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఏం జరిగిందో మనకు తెలుసు. పడవ కదలకముందే తొడిగి, పట్టీ బిగించి చూడండి. పిల్లల కొలతవి వేరుగా అడగాలి.

• ఏసీ: చాలా పడవల్లో రాత్రి మాత్రమే.

• భోజనం: కొబ్బరినూనె వంట పడనివారు ముందే చెప్పాలి. ఆవకాయ సీసా మీ ఇష్టం.