పాత చీరలతో బొంతలు, సంచులు: కుట్టాక వచ్చే ఇబ్బందులు, వాటి మందు

మా హనుమకొండ ఇంట్లో సందుగ తెరిస్తే మూడు తరాల బట్టలుంటాయి. అమ్మమ్మ పెళ్లి పట్టు, అమ్మ కట్టిన సిద్దిపేట గొల్లభామ చీర, అడుగున బతుకమ్మ చీరల దొంతర. వీటితో బొంతలు, దిండు గలీబులు, సంచులు కుడుతుంటాను. మిషన్‌దో దారందో తప్పనుకునే ఇబ్బందులు చాలావరకు బట్ట దగ్గరే, అదీ కత్తెర పెట్టకముందే మొదలవుతాయి.

కుట్టు బాగానే ఉంది, పక్కనే పట్టు చిరుగుతోంది

ఇది అన్నిటికంటే బాధపెట్టేది. ఇంకా దగ్గరగా రెండో కుట్టు వేస్తే మరింత తొందరగా చిరుగుతుంది. కాగితం చింపడానికి వరుసగా చిల్లులు పొడిచినట్టే అది. చెమట, వెలుతురు పట్టును పెళుసు చేస్తాయి. ఏళ్లకేళ్లు ఒకే మడతలో ఉంటే ఆ గీత మీదే పోగులు తెగుతాయి, జరీ తీగ పక్క పోగులను ఒరుసుకుంటుంది. అమ్మమ్మ చీర కొంగును కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే మడత పడ్డ గీత పొడవునా సూది మొనంత వెలుతురు చుక్కలు కనిపించాయి. పైకి మాత్రం చీర కొత్తదానిలా మెరుస్తోంది.

కోసేముందు రెండు బొటనవేళ్ల మధ్య బట్టను పట్టి నిలువుగా, అడ్డంగా గట్టిగా లాగండి. పటుక్కుమంటే ఆ భాగం వదిలేయండి. మడత గీతలను తప్పించి మధ్య ముక్కలే తీసుకుని, వెనక పల్చని మల్ బట్ట పెట్టి చేత్తో కచ్చా కుట్టు వేసి, మిషన్ కుట్టు 3 మిల్లీమీటర్లకు పెంచండి. ఇంత చేసినా పట్టుముక్క సంచికి పనికిరాదు. బరువు పడని చోట, గలీబు ముందు భాగానికో గోడకు తగిలించేదానికో వాడండి. ఇప్పటికే చిరిగితే లోపల అతుకు పెట్టి, గట్టి బట్ట తగిలేదాకా చిరుగుకు అటూ ఇటూ 2 సెంటీమీటర్లు దాటించి చేతికుట్టు వేయండి.

మొదటి ఉతుకుకే ఎరుపు తెలుపులోకి దిగింది

ఆరనివ్వకండి. ఆరితే మరక కూర్చుంటుంది. వెంటనే బకెట్ నిండా చల్లనీళ్లు, సర్ఫు వేసి నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా మారుస్తూ ఉండండి. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందంటారు గానీ, ఊడిపోయే రంగును ఉప్పు ఆపలేదు. కుట్టకముందే ఎర్ర ముక్క మీద తడి తెల్లగుడ్డ పరిచి వేడి ఇస్త్రీ పెట్టి చూస్తే ఏది దిగుతుందో తెలిసిపోతుంది. దిగే ముక్కలను విడిగా ఉతికి వాడండి, లేదా ముదురు రంగుల బొంతకు దాచండి.

ఉతికాక బొంత ముడతలు పడింది

పాత చీర ఎప్పుడో కుంచించుకుపోయింది, కింద వేసిన కొత్త నూలు బట్ట ఇప్పుడు కుంచించుకుంది. మీటరుకు 3 నుంచి 5 సెంటీమీటర్లు తగ్గడం మామూలే. కొత్తదాన్ని ముందే తడిపి ఆరబెట్టాలి.

పొరలు జరిగిపోయి మధ్యలో గుబ్బ లేస్తే మాత్రం కారణం వేరు. అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ వస్తే మిగులు బట్టంతా నడుమ చేరుతుంది. మా అమ్మమ్మ బొంతను నేల మీద పరిచి, మూలలకు సన్నికల్లో తూకపురాళ్లో పెట్టి, అరచేత్తో నడిమి నుంచి బయటికి సవరించేది. పెద్ద పెద్ద కచ్చా కుట్లు కూడా అలాగే, మధ్యలో మొదలుపెట్టి నాలుగు వైపులకు. గుబ్బ లేచిన బొంతకూ ఇదే మందు. అక్కడి కుట్లు విప్పి మళ్లీ సవరించాలి, వేరే దారి లేదు.

బతుకమ్మ చీర మీద కుట్టు దాటిపోతోంది

2017 నుంచి కొన్నేళ్లు పంచిన ఆ చీరలు చాలావరకు సిరిసిల్ల మరమగ్గాల పాలిస్టర్. పోగు జారుడుగా ఉంటుంది. మొద్దు సూది దాన్ని పొడవకుండా నెడుతుంది, పైదారం ఉచ్చు సరిగా పడదు, కింది కొక్కెం దాన్ని అందుకోలేదు. 11 నంబర్ కొత్త సూది, పాలిస్టర్ దారం వేయండి. జరీ అంచు సూదిని తొందరగా మొద్దు చేస్తుంది కాబట్టి అంచు కుట్టాక సూది మార్చండి. ఇస్త్రీ తక్కువ వేడిలో, పైన నూలు గుడ్డ వేసే చేయాలి. పాలిస్టర్ కరుగుతుంది.

అడుగున దారం ఉండలు కడుతోంది

బాబిన్‌ను అనుమానించకముందు పైదారాన్ని తీసి, పాదం ఎత్తి, మళ్లీ ఎక్కించండి. పాదం దించి ఎక్కిస్తే దారం టెన్షన్ బిళ్లల మధ్య కూర్చోదు. అయినా ఆగకపోతే పాదం కింద బట్టను జరిపే పళ్ల అడుగున చూడండి. నలిగిన నూలు చీర నూగు చాలా రాలుస్తుంది. బ్రష్‌తో తీసి, ఒక చుక్క మిషన్ నూనె వేయండి.

జంపఖానా ముక్కతో సంచి అడుగు విడిపోతోంది

వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చిరిగిన పాత జంపఖానాలో గట్టి భాగం సంచి అడుగుకు చక్కగా సరిపోతుంది. కోయగానే పోగులు జారతాయి కాబట్టి కోసే గీతకు అటూ ఇటూ రెండేసి వరుసలు ముందే కుట్టి, ఆ తర్వాతే కత్తెర పెట్టండి. 18 నంబర్ సూది వేసి, మందం ఎక్కువున్న మూలల్లో మోటారు ఆపి చక్రాన్ని చేత్తో తిప్పండి. సూది విరగదు.